నా నొప్పి మా తోడికోడలికి వచ్చింది

దెయ్యాలు, గాలి సోకడాలు లాంటి మాటలు ఎవరైనా ఎత్తితే అక్కడినుంచి లేచి వెళ్లిపోయే రకం నేను. మా అత్తయ్య దిష్టి తీస్తుంటే కూడా పైట కొంగు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకునేదాన్ని. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో దెయ్యం లేదు. ఉండి ఉంటే కనీసం ఒక పేరైనా పెట్టేదాన్ని.

మాది పర్చూరు దగ్గర పల్లెటూరు. పత్తి, మిర్చి వేస్తాం. ఒకే ప్రహరీలో రెండు వాటాలు. ఒకదాంట్లో నేనూ మా ఆయనా ఉంటాం. రెండోదాంట్లో మా మరిది, అతని భార్య శిరీష. వంట మాత్రం ఒకటే. శిరీష వేటపాలెం అమ్మాయి, నాకంటే బాగా చిన్నది. మా అత్తయ్య ఆమెను 'అమ్మలూ' అని పిలుస్తుంది. నన్ను 'ఏమ్మాయ్' అంటుంది. కాపురానికి వచ్చిన కొత్తలోనూ ఏమ్మాయే, ఇద్దరు పిల్లలు పుట్టాక కూడా ఏమ్మాయే.

దాచడం ఎందుకు, శిరీషంటే నాకు కుళ్లు. ఆమె తుమ్మితే ఇంట్లో ఆవిరి పట్టడానికి నీళ్లు కాగుతాయి. నాకు జ్వరమొస్తే మాత్ర వేసుకుని పడుకోమంటారు, అదీ కూలీలకు మంచినీళ్లు పంపించాక. ఇన్ని జరిగాక కూడా ఆ పిల్ల వచ్చి "అక్కా" అని నవ్వుతూ పిలుస్తుంది. అది ఇంకా మంట.

కిందటేడు మిర్చి కోతలప్పుడు నాకు నొప్పి మొదలైంది. పొట్ట పైభాగంలో, కుడివైపు పక్కటెముకల కింద. నెయ్యి వేసుకుని తిన్న రోజు ఎక్కువగా వచ్చేది. వచ్చిందంటే మెలిపెట్టేసి, వీపులోకి వెళ్లి కుడి భుజం రెక్క కింద ఆగేది. మొదటిసారి చెప్పినప్పుడు అత్తయ్య, "పండుమిరపకాయ పచ్చడి అంతలా తింటే గ్యాస్ కాక ఏమొస్తుంది?" అంది. మా ఆయన మందుల షాపు నుంచి గ్యాస్ బిళ్లలు తెచ్చిచ్చాడు. అంతే, ఆ తర్వాత నేను ఎవరికీ చెప్పలేదు. వాళ్లంతట వాళ్లు అడిగేదాకా నోరు విప్పకూడదని పంతం పట్టాను. ఎవరూ అడగలేదు.

ఒక మధ్యాహ్నం కల్లంలో కాయలు గోతాల్లోకి తొక్కిస్తున్నాం. కోల్డ్ స్టోరేజీకి వెళ్లే లారీ వచ్చి హారన్ కొట్టింది. సరిగ్గా అప్పుడే నొప్పి అందుకుంది. ఎవరికీ కనపడకుండా గోతాల వెనక్కి వెళ్లి కూర్చున్నాను. చెమటలు పట్టాయి, వాంతి అయింది. కాసేపటికి తగ్గింది. ముఖం కడుక్కుని వచ్చి లారీ ఎక్కించే పని చూశాను. ఇదంతా చూసినవాళ్లు లేరు.

ఇంటికి వచ్చేసరికి శిరీష వాళ్ల వాటా ముందు చెప్పులే చెప్పులు. శిరీష మంచం మీద ముడుచుకుని పడుకుని ఉంది. అత్తయ్య ఆమె అరికాళ్లు రాస్తోంది. మరిది ఫోన్‌లో కారు మాట్లాడుతున్నాడు. ఏమైందని అడిగితే, పొట్ట పైన భరించలేనంత నొప్పి అన్నారు. ఎప్పుడు వచ్చిందంటే, అత్తయ్య, "అదే, మీ లారీ హారన్ ఇక్కడిదాకా వినపడిందే, అప్పుడు" అంది.

ఆ క్షణంలో నాకు భయం వేయలేదు. ఒళ్లు మండిపోయింది. చివరికి నొప్పి కూడా దీనికే కావలసి వచ్చిందా అనుకున్నాను.

అత్తయ్య ఎండుమిరపకాయలు, రాళ్ల ఉప్పు గుప్పెట్లో పట్టుకుని ఆమె చుట్టూ తిప్పి, పెరట్లో నీళ్ల పొయ్యిలో వేసింది. మామూలుగా మా కాయ ఒక్కటి నిప్పులో పడితే వీధి వీధంతా దగ్గాలి. ఆ రోజు ఏమీ లేదు. కాయలు నల్లబడి బూడిదయ్యాయి తప్ప ఘాటు రాలేదు. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టు లెక్క. అత్తయ్య తల తిప్పి నా వైపు చూసింది.

అప్పుడు శిరీష మంచం మీద నుంచే, "అత్తయ్యా, అక్కకి కూడా తీయండి" అంది.

అదే డబ్బాలో కాయలు, అదే పొయ్యి. నా చుట్టూ తిప్పి వేయగానే ఘాటు లేచింది. అందరూ దగ్గుకుంటూ వాకిట్లోకి పరుగెత్తారు. "నీకేం లేదమ్మాయ్, గుండ్రాయిలా ఉన్నావు" అంది అత్తయ్య కళ్లు తుడుచుకుంటూ. ఆ మాటతో నా నొప్పి సంగతి ఆ ఇంట్లో పూర్తిగా మూసేశారు.

శిరీషకి ఆ తర్వాత కూడా నొప్పి వచ్చేది. నాకు వచ్చినప్పుడల్లా వచ్చేది. నేను పొలంలో ఉన్నా, సంతలో ఉన్నా సరే. ఒకసారి నేను బట్టలు ఆరేస్తుంటే వెనక నుంచి వచ్చి, "అక్కా, నీకెక్కడన్నా నొప్పిగా ఉంటుందా?" అని అడిగింది. లేదన్నాను. ఆమె నా కుడి భుజం రెక్క కింద వేలు పెట్టి నొక్కింది. "నాకు ఇక్కడొచ్చి ఆగుతుంది" అంది. తన వీపు మీద చూపించుకోలేదు, నా వీపు మీద చూపించింది. సరిగ్గా అదే చోటు. అప్పుడు వేసింది భయం. నేను ఆ చోటు ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా.

ఒంగోలులో డాక్టరమ్మ దగ్గరికి శిరీషతో నన్నే తోడు పంపారు. ఆమెకు సేవ చేయడానికి నేనన్నమాట. డాక్టరమ్మ ముందు ఈసీజీ తీయించింది. ఆడవాళ్లలో గుండెపోటు కొన్నిసార్లు ఇలా పొట్ట పైభాగంలో నొప్పిగానే వస్తుందని, గ్యాస్ అనుకుని ఇంట్లో కూర్చుంటే ప్రమాదమని చెప్పింది. అల్సర్ కావచ్చు, పిత్తాశయంలో రాళ్లు కావచ్చు, క్లోమం వాపు కావచ్చు, చూస్తేగానీ తెలియదంది. రక్తపరీక్షలు, స్కానింగ్, గొట్టం వేసి చూసే పరీక్ష అన్నీ చేశారు. శిరీషకి ఏమీ లేదు. అంతా శుభ్రంగా ఉంది.

స్కానింగ్ బల్ల దిగుతూ ఆమె నా చెయ్యి పట్టుకుని, "మా అక్కకి కూడా చూడండి, పొద్దుట్నుంచి తనూ ఏం తినలేదు" అంది. నిజమే. తింటే నొప్పి వస్తుందన్న భయంతో తినడమే తగ్గించేశాను. వద్దంటుంటే పడుకోబెట్టారు. డాక్టరమ్మ తెర వైపు చూసి, ఇన్నాళ్లు ఎలా ఓర్చుకున్నావమ్మా అంది. రాళ్లు నిండిపోయి పిత్తాశయం వాచి చీము పట్టింది. ఇంకొన్నాళ్లు ఆగితే లోపలే పగిలి ప్రాణం మీదికి వచ్చేదట. ఆ రోజే చేర్చుకుని, మర్నాడు ఆపరేషన్ చేశారు.

ఆ తర్వాత నాకు నొప్పి రాలేదు. శిరీషకీ రాలేదు.

డాక్టరమ్మని అడిగాను. ఒకే ఇంట్లో ఒకరిని చూసి ఒకరికి అలా అనిపించడం ఉంటుందంది. కానీ చూడటానికి నేను ఎక్కడ కనపడ్డాను? గోతాల వెనక కదా ఉన్నాను. ఆ మిరపకాయల సంగతి ఆవిడకి చెప్పలేదు.

నన్ను చూడటానికి వచ్చిన చుట్టాలు ముందు శిరీష దగ్గరికి వెళ్లేవారు. అక్క కోసం ఎంత బాధ పడిందో పాపం అంటూ ఆమెకే కమలాపళ్లు ఇచ్చేవారు. కోత నాది, కుట్లు నావి, కథ మాత్రం ఆమెది. ఈ ముక్క రాస్తుంటే కూడా నాకు కడుపు మండుతోంది.

మొన్న ఆదివారం శిరీష పప్పు తిరగమోత వేస్తూ ఆగిపోయింది. గరిటె వదిలేసి, రొమ్ముల మధ్య కిందగా, పొట్ట మొదట్లో చెయ్యి పెట్టుకుంది. ముఖం పాలిపోయింది. ఏమైందంటే, "ఏం లేదక్కా, గ్యాస్" అంది.

నాకు ఎక్కడా ఏ నొప్పీ లేదు. అక్కడే నిలబడి ఒళ్లంతా వెతుక్కున్నాను. నాది ఆమెకి తెలిసింది, ఆమెది నాకెందుకు తెలియడం లేదు? ఇందులోనూ ఆమెదే పైచేయి. పైగా అది ఆమె నొప్పో, నాకు రాబోయేదో ఎవరు చెప్పగలరు?

ఆమె వదిలేసిన గరిటె నేను అందుకోలేదు. పొయ్యి ఆపేశాను. అత్తయ్య మిరపకాయల డబ్బా తీస్తుంటే లాక్కుని పైన పెట్టేశాను. మరిది కారు తెచ్చేదాకా ఆమెని ఒళ్లో పడుకోబెట్టుకుని కూర్చున్నాను. ఒంగోలులో ఈసీజీ గది తలుపు తీసిన నర్సు, ఎవరికమ్మా అని అడిగింది.

ఇద్దరికీ అన్నాను.