అయ్యగారి పక్కన చోటు

ఈస్టర్‌కి ముందొచ్చే మట్టల ఆదివారం ఇంకా రెండు రోజులుందనగా మా అమ్మగారు పోయారు. అమ్మగారంటే నన్ను కన్న అమ్మ కాదు. మా సంఘాల్లో పాస్టరుగారిని అయ్యగారనీ ఆయన భార్యని అమ్మగారనీ పిలుస్తాం. కబురు తెచ్చిన సంఘపెద్దగారు చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, "అమ్మగారు ప్రభువునందు నిద్రించేరండి" అన్నారు. చావు కబురు మావాళ్ళు అలాగే చెబుతారు. నిద్రపోయిన మనిషి లేస్తాడన్న ధైర్యం ఆ మాటలో ఉంది. ఇదివరకు ఆ మాట వింటే నాకూ ధైర్యంగానే ఉండేది. ఆ రోజు మాత్రం ముందుగా ఒకటే ఆలోచన వచ్చింది: ఇప్పుడు ఆవిణ్ణి ఎక్కడ పెడతారు?

మాది రాజోలు వైపు, వైనతేయ గోదావరికి పడమటి ఒడ్డున ఉన్న చిన్న టౌను. బస్టాండూ సినిమా హాలూ ఉన్నాయి గనక మేం టౌనంటాం, అమలాపురం వాళ్ళు ఒప్పుకోరు. అయ్యగారూ అమ్మగారూ మా ఊరు వచ్చేటప్పటికి నేను పరికిణీ వేసుకుని సండే స్కూలుకి వెళ్ళేదాన్ని. అయ్యగారు నెమ్మది మనిషి. ప్రసంగం చేస్తే ముందు వరసకి కూడా సరిగ్గా వినపడేది కాదు. ఆ లోటు అమ్మగారు తీర్చేవారు. ఆవిడ గొంతు విప్పితే చర్చి బయట సైకిలు మీద వెళ్ళేవాడు కూడా ఆగి చూసేవాడు. వాళ్ళకి పిల్లల్లేరు. సంఘంలో పుట్టిన ప్రతి పిల్లకీ ఆవిడే మొదటి నీళ్ళు పోసేవారు, ప్రతి పెళ్ళిలోనూ వంటశాల దగ్గర ఆవిడే పీట వేసుకుని కూర్చునేవారు.

ఎండలు ముదిరే వేళకి మా శ్రమకాలం వచ్చేది. ఈస్టర్‌కి ముందు నలభై రోజులూ సాయంత్రం పూట ఒక్కో ఇంట్లో ప్రార్థన. ఆ వంకతో ఇళ్ళవాళ్ళు పోటీలు పడేవారు. ఒకళ్ళు బూరెలు వండితే రెండోవాళ్ళు పెసరట్టు ఉప్మా. ఉపవాస దినాల్లో ఒళ్ళు చేసిన సంఘం మాదొక్కటే అయి ఉంటుంది. ఒక ఏడు అమ్మగారు లేచి నిలబడి, ఇకమీద ఏ ఇంట్లోనూ మంచినీళ్ళు తప్ప ఏమీ పెట్టకూడదని చెప్పేశారు. "శ్రమకాలంలో శ్రమ పడాల్సింది మన పొట్టలండీ, ఇంటావిడ కాదు" అన్నారు. ఆ మర్నాడే ఒకావిడ మనసు ఊరుకోక ఇత్తడి గిన్నె నిండా పులిహోర కలిపింది. అమ్మగారు కోప్పడలేదు. ప్రార్థన అవగానే ఆ గిన్నె చంకన పెట్టుకుని, పక్క వీధిలో పక్షవాతంతో మంచానపడ్డ కల్లుగీత కార్మికుడి ఇంటికి నడిచారు. మేమంతా వెనకాల. అప్పట్నించీ ఎవరు ఏం వండినా అది ఏదో ఒక రోగి ఇంటికే చేరేది. వండడం మాత్రం మావాళ్ళు మానలేదు.

పగలు రేవులో మజ్జిగ పోసేవాళ్ళం. పడవ దిగి వచ్చేవాళ్ళ కోసం కొబ్బరాకు పందిరి వేసి, రెండు కుండలు పెట్టి, దబ్బాకు నలిపి వేసిన మజ్జిగ. కుర్రాళ్ళు సంఘం పేరుతో బ్యానరు రాయిస్తామన్నారు. అమ్మగారు వద్దన్నారు, దాహమేసినవాడికి కావలసింది మజ్జిగే గాని మన బోర్డు కాదని. బోర్డు లేకపోయినా పోసేది ఎవరో అందరికీ తెలుసు. గోదావరి మధ్య లంకలోంచి వచ్చి రోజూ పడవ దిగే ఒక పెద్దమనిషి పందిరి ముందుకి వచ్చి, మా మొహాలు చూసి, తడారిన పెదాలతోనే ముందుకి వెళ్ళిపోయేవాడు. నాకు ఒళ్ళు మండేది. అమ్మగారు, "ఆయనకీ దాహమే పాపం. రేపు తాగుతాడులే" అనేవారు. ఆయన మర్నాడూ తాగలేదు, ఆ ఏడూ తాగలేదు, నాకు తెలిసి ఎప్పుడూ తాగలేదు. అయినా ఆయన వచ్చే వేళకి ఆవిడ ఒక గ్లాసు కడిగి విడిగా పెట్టేవారు.

మా సమాధుల తోట ఏటిగట్టు దాటాక, కొబ్బరితోటకీ నీళ్ళకీ మధ్య పొడుగాటి మెరక మీద ఉండేది. మంచి శుక్రవారం వెళ్ళిన మర్నాడు సంఘమంతా అక్కడికి చేరేది. ఆడవాళ్ళం గడ్డి పీకితే మగవాళ్ళు సమాధులకి సున్నం కొట్టేవారు. సున్నంలో నీలిమందు ఎంత కలపాలన్నది అమ్మగారి అధికారం, అందులో అయ్యగారికి కూడా మాట లేదు. ఈస్టర్ నాడు చీకటుండగానే చర్చి దగ్గర బయలుదేరి, కొవ్వొత్తులతో పాడుకుంటూ వెళ్ళి, గోదావరికి అవతల పొద్దు పొడిచేదాకా అక్కడే ఆరాధన చేసేవాళ్ళం. తర్వాత గట్టు మీద అరిటాకులు వేసుకుని ఇడ్లీలు తినేవాళ్ళం. పునరుత్థానం అంటే ఏమిటో నాకు ప్రసంగాల్లో అర్థం కాలేదు గాని, ఆ పొద్దుటి పూట తెల్లటి సమాధుల మధ్య మల్లెపూల వాసనలో నిలబడితే అర్థమైనట్టే ఉండేది.

ఆ తోటలో ఒక ఆచారం ఉండేది. సంఘానికి పాటుపడిన పెద్దవాళ్ళని నీళ్ళకి దగ్గరగా, ముందు వరసలో పెట్టేవారు. చనిపోయినవాళ్ళు లేచే దినాన పొద్దు మొదట వాళ్ళ మీద పడాలని. మామూలు మనుషులు వెనక వరసల్లో. చర్చిలో ముందు బెంచీ మీద కూర్చోమంటే మొహమాటపడే మావాళ్ళు సమాధుల్లో ముందు వరస దగ్గర మాత్రం చుట్టరికాలు మర్చిపోయి పోట్లాడుకునేవారు.

తొంభై ఆరు తుపాను తర్వాత వచ్చిన వేసవిలో అయ్యగారు జ్వరంతో పోయారు. వెనకాల కంచె పక్కన చాలండీ అని అమ్మగారు పెద్దలతో అన్నారు. ఎవరూ వినిపించుకోలేదు. అయ్యగారిని వెనకాల పడుకోబెడతామా అని నొచ్చుకున్నారు కూడా. ముందు వరసలో, సరిగ్గా మధ్యన ఆయన్ని పెట్టి నున్నటి గచ్చు సమాధి కట్టించారు. పక్కనే అమ్మగారికని ఒక మనిషి పట్టే చోటు వదిలారు. ఇది గౌరవం కొద్దీ చేసిందే, ఎవర్నీ తప్పుపట్టడానికి లేదు. తప్పు పట్టడానికి ఎవరో ఒకళ్ళు ఉంటే బాగుండునని నాకు ఇప్పుడు అనిపిస్తుంది.

ఆ చోటంటే ఆవిడకి ముచ్చట. ఈస్టర్ ఆరాధనలో వెళ్ళి అక్కడే నిలబడేవారు. అయ్యగారు పోయాక కొత్త పాస్టరుగారికి ఇల్లు ఖాళీ చేసి ఇచ్చి, చర్చి వెనక పెంకుటింట్లో ఒంటిగది తీసుకున్నారు. "అక్కడ మాత్రం నా గదిలోంచి నన్నెవరూ లేపరే అమ్మాయ్" అని నాతో నవ్వేవారు. నాకు నవ్వు వచ్చేది కాదు.

గోదావరి కొంచెం కొంచెంగా వచ్చింది. మొదట్లో ముందు వరసకీ నీళ్ళకీ మధ్య పిల్లలు పరుగు పందేలు పెట్టుకునేంత జాగా ఉండేది. కొన్ని వరదలు వచ్చిపోయాక ఇద్దరు పక్కపక్కన నడిచే దారి మిగిలింది. తర్వాత ఈస్టర్ నాడు పిల్లల్ని రెక్క పట్టుకుని ఆపవలసి వచ్చింది. ఒడ్డుకి రాళ్ళు పోయించమని అడగడానికి అమ్మగారూ నేనూ ఒక ఆఫీసుకి వెళ్ళాం. అక్కడి ఉద్యోగి మర్యాదస్తుడు, కుర్చీలు వేయించి టీ తెప్పించాడు. అక్కడ ఇళ్ళేమన్నా ఉన్నాయా అని అడిగాడు. సమాధులండీ అన్నాం. "బతికున్నోళ్ళు ఎవరన్నా ఉంటే రాసుకుంటామండీ" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే రాసుకుందామని కలం తీశాడు. తిరుగు బస్సెక్కాం. దిగేముందు అమ్మగారు, మంచివాడే పాపం, టీ ఇప్పించాడు అన్నారు.

ఇక మిగిలింది అయ్యగారిని తీసి వెనక్కి జరపడం. ఆ ఏడు ఈస్టర్ అయ్యాక సంఘం కూర్చుంది. పడుకోబెట్టిన మనిషిని కదపడం పాపమని కొందరు. లేచే దినాన ఆయన్ని వెతుక్కోవలసి వస్తుందని ఒక పెద్దాయన. సముద్రంలో పోయినవాళ్ళని కూడా లేపుతాడు కదా అని ఇంకొకాయన. సాయంత్రమంతా ఇదే వాదన. చివరికి ఆడవాళ్ళ చాప మీంచి అమ్మగారు లేచారు.

"లేపడం దేవుడి పనండీ. జరపడం మన పని. జరపండి."

అందరూ ఆయ్ అన్నారు. అదే మాట మీద మర్నాడే పలుగు పట్టి ఉంటే నేను ఇవాళ ఇంకోలా రాసేదాన్ని. పెళ్ళిళ్ళ కాలం వెళ్ళనీయండి అన్నారు. వెళ్ళింది. ఈలోగా పాస్టరుగారికి బదిలీ అయింది. ప్రార్థన చెయ్యకుండా సమాధి ఎలా విప్పుతాం, కొత్తాయన్ని రానీయండి అన్నారు. కొత్తాయన శ్రావణంలో వచ్చారు, ఆయనతోపాటే వరద కూడా వచ్చింది.

ముందు వరస మొత్తం ఒక్క పగటి పూట జారిపోయింది. మేం గట్టు మీద నిలబడి చూశాం. మట్టి సమాధులు కరిగిపోయాయి. అయ్యగారిది గచ్చు కట్టడం గనక విరగకుండా అలాగే ఒరిగి నీళ్ళలోకి దిగింది. అమ్మగారికి వదిలిన చోటు దానికి ముందే పోయింది. ఆవిడ ఏడవలేదు. చేతిలో గొడుగు ఉంది గాని విప్పలేదు. వరద తీసాక ఇంకో వింత వచ్చిపడింది. మా గోదావరికి సముద్రం పోటూ పాటూ తగులుతాయి. పాటు తీసి నీళ్ళు తగ్గినప్పుడల్లా ఆ సమాధి మూల ఒకటి తెల్లగా బయటపడేది, పోటెక్కితే మునిగిపోయేది. అమ్మగారు రోజూ పాటు వేళ చూసుకుని గట్టు మీదకి వచ్చి కూర్చునేవారు. జాలర్లు ఆవిడకి వేళలు చెప్పేవారు. ఒక రోజు పాటు తీసినా మూల కనపడలేదు. మర్నాడూ కనపడలేదు. ఆవిడ ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు వచ్చారు.

ఈస్టర్ పాటలు ఆవిడ అప్పట్నించీ పాడలేదు. పక్కన నిలబడితే పెదాలు కదిలేవి, గొంతు వచ్చేది కాదు. మజ్జిగ పోయడం, రోగుల ఇళ్ళకి గిన్నెలు మోయడం మానలేదు. ఒకసారి కుండ కడుగుతుంటే నేను ఉండబట్టలేక, ఇంత జరిగాక కూడా మీకు నమ్మకం ఎలా నిలిచిందని అడిగాను. ఆవిడ చెయ్యి ఆపకుండానే అన్నారు, "నమ్మకం సంగతి నన్నడక్కే అమ్మాయ్. అలవాటు ఉంది." ఆవిడ చెప్పిన వాక్యాల్లో నాకు అన్నిటికన్నా బాగా గుర్తున్నది అదే. అందులో నాకు ఓదార్పు దొరకలేదు. అబద్ధం మాత్రం లేదు.

ఏటేటా మిగతా వరసలు కూడా పోయాయి. ఇప్పుడు అక్కడ మెరకే లేదు. మావాళ్ళు ఎవరు పోయినా ఆ ఊరినీ ఈ ఊరినీ బతిమాలుకుని పెడుతున్నాం. ఈ శ్రమకాలంలో అమ్మగారు మంచం పట్టాక, మొహమాటం చంపుకుని ఆవిడ కోరికేమిటో అడిగాను. "ఆయన పక్కన" అని, మళ్ళీ తనే, "ఆయన పక్కనంటే ఇప్పుడెక్కడని చెప్పనే" అన్నారు.

బస్సులో గంట దూరంలో ఉన్న ఇంకో సంఘం వాళ్ళు దయతలచి తమ తోటలో ఒక చోటు ఇచ్చారు. ఆవిడ పేరు తెలిసినవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. గొయ్యి తవ్వే అతను కొలత వేసుకుంటూ, ఈవిడ భర్త ఉన్నారా, పక్కన చోటు వదలమంటారా అని అడిగాడు. అందరం సంఘపెద్దగారి మొహం చూశాం. ఆయన నేల చూస్తూ, "ఆయ్, వదలండి" అన్నారు. ఆయనతో ఎవరూ వాదించలేదు. అతను ఒక మనిషి పట్టే చోటు వదిలి తవ్వాడు.

ఈస్టర్ నాడు ఆటోలు మాట్లాడుకుని అక్కడికి వెళ్ళాం. చేరేసరికి తెలతెలవారుతోంది. అమ్మగారి మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. పక్కన వదిలిన చోట ఇంకో పచ్చి దిబ్బ లేచి ఉంది, దాని మీద బంతిపూలు. ఆ దిబ్బ దగ్గర నా వయసావిడ ఒకతె ఒంటరిగా నిలబడి ఉంది. మమ్మల్ని చూసి కంగారుపడింది.

"మా ఆయనండి. మొన్న గురువారం పెట్టేం. ఎక్కడా ఖాళీ లేదని ఇది చూపించేరు. మీ వాళ్ళకని ఉంచుకున్న చోటాండీ?"

సంఘపెద్దగారు, "కాదండి" అన్నారు.

పాట మొదలుపెట్టాం. ఆవిడ దగ్గర అగ్గిపుల్లలు అయిపోయాయి. నా కొవ్వొత్తితో తన కొవ్వొత్తి అంటించుకుంది. ఒక్క గాలి వచ్చి మా రెండూ, మిగతావాళ్ళవీ కూడా ఆర్పేసింది. మళ్ళీ వెలిగించడానికి ఎవరి దగ్గరా అగ్గిపుల్ల మిగల్లేదు. ఆరిన కొవ్వొత్తులు పట్టుకుని, ఎండ మెడ మీదకి వచ్చేదాకా, ఆవిడా నేనూ పక్కపక్కన నిలబడి ఉన్నాం.