తిట్టి కొన్న పిస్తోలు

పది రూపాయలకి ఇస్తానన్న వస్తువు ధరని, అమ్మే మనిషి ప్రమేయం ఏమీ లేకుండా, కేవలం నా నోటి చలవతో ముప్పై ఒక్క రూపాయలకి పెంచి కొన్నవాణ్ణి నేను. రాజాం బజార్లో ధర తగ్గించేవాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారు. కొనేవాడై ఉండి ధర పెంచినవాడు మాత్రం నాకు తెలిసి నేనొక్కణ్ణే. అది కూడా ఆవేశంలో చేసిన పని కాదు. మూడు ప్రయాణాలు చేసి, ఆలోచించి, మా వంశంలో తరతరాలుగా వస్తున్న విద్యనంతా ఉపయోగించి చేశాను.

అరవైల చివరి రోజుల మాట ఇది. మాది ధాన్యం, చింతపండు వ్యాపారం. నాకు పాతికేళ్ళు. పాత గాలి పిస్తోళ్ళు పోగుచేసే పిచ్చి పట్టింది. మందు పెట్టి పేల్చేవి కావు. స్ప్రింగు బిగించి వదిలితే గాలి ఒత్తిడికి చిన్న సీసపు గుండు దూసుకుపోయే రకం. ఎప్పుడో దొరలు, దివాణాలవాళ్ళు సరదాకి తెప్పించుకున్నవి, దివాణాలు పోయాక నౌకర్ల ఇళ్ళలో, పాతసామాన్ల కొట్లలో తేలేవి. అప్పటికి నా దగ్గర నాలుగున్నాయి. ఒకదానికి మీట లేదు, ఒకదాని గొట్టం వంకర, మిగతా రెండింటికీ స్ప్రింగు చచ్చింది. నాలుగూ చవగ్గా కొన్నవే.

మా అక్క మొగుడు, బట్టల కొట్టు బావ, వచ్చినప్పుడల్లా వాటిని గుడ్డ మీద వరసగా పరిపించి చూసేవాడు.

"ఒరే, ఇందులో ఒక్కటైనా పేలతాదేటిరా?"

"పాతవి బావా. పేలక్కర్లేదు. సూడ్డానికి."

"సూడ్డానికైతే శవాల్ని కూడా సూత్తారు. ఇది పిస్తోళ్ళ పెట్టి కాదురా, వల్లకాడు."

ఆ మాట నన్ను పట్టుకుంది. పేలేది ఒక్కటి కావాలి. ఒక్కటి చాలు.

అది పాతపట్నంలో దొరికింది. చింతపండు కోసం వెళ్ళి, ఒక ముసలామె ఇంటి అరుగు మీద బస్తా తూయిస్తున్నాను. ఆమె భర్త ఒకప్పుడు దివాణం అడవికి కాపలాదారు. పోయి చాలా ఏళ్ళయింది. పెరట్లో కోడి, దాని వెనక పిల్లలు. ఇంటి మీద గెద్ద తిరుగుతోంది. ఆమె మాట మధ్యలో ఆపి లోపలికి వెళ్ళి, చూరు నుంచి ఏదో తీసింది. దాని మూతిని గడపకి ఆనించి, ఒక్క తోపు తోసింది. ఆకాశం వైపు ఎత్తి నొక్కింది. టప్ మంది. గుండు లేదు, గింజ లేదు. ఉత్త చప్పుడుకే గెద్ద ఏటి వైపు పోయింది.

గొట్టాన్ని లోపలికి నెడితే స్ప్రింగు బిగుసుకునే రకం, చెక్కపిడి చెక్కుచెదరలేదు. నేను ఆవులించాను.

ఆవులింత మా ఇంటి పాఠాల్లో మొదటిది. కావలసిన వస్తువు కనిపిస్తే ముందు ఆవులించాలి. రెండోది, సరుకుని తిట్టి కొనాలి, పొగిడి అమ్మాలి. మా నాన్న రైతు తెచ్చిన ధాన్యం గింజని కొరక్కముందే మొహం చిట్లించేవాడు. రైతూ నవ్వేవాడు. బజార్లో ఆ తిట్టు ఎవరూ నమ్మరు. అది మా పలకరింపు.

"ఏటి పెద్దమ్మా, అదింకా పని సేస్తన్నాదా?" అన్నాను.

"సేత్తాది నాయినా. మీ పెదనాన్నకి దొరగారిచ్చినారు. గావాలా ఏటి? పది రూపాయలిచ్చి పట్టుకెల్లు. నానెన్నాళ్ళు తొయ్యగల్ను, సేతులు లాగేత్తన్నాయి."

పది! విజయనగరంలో పాతిక్కి తక్కువ ముట్టుకోనివ్వరు. చెయ్యి జేబులోకి వెళ్ళబోయింది. కానీ మొదటి మాటకే ఒప్పుకోవడమంటే మా ఇంట్లో అరుగు మీద నిలబడి లెంపలు వేసుకోవడమే. లోపల తోలు ఎండిపోయిందని, స్ప్రింగు తుప్పు పట్టిందని, నాలుగైతే చూస్తానని అన్నాను. ఆమె "సూద్దాంలే" అంది. నేను చాలా తృప్తిగా బస్సెక్కాను.

రెండోసారి వెళ్ళడానికి సాకు కావాలి కనక, అవసరం లేని చింతపండు బస్తా ఒకటి ధర ఎక్కువైనా ఆమె దగ్గరే కొన్నాను. పిస్తోలు ఎనిమిదికి దిగింది. ఇంకొక్క తోపు తోస్తే అయిదుకి పడుతుందనిపించింది. అప్పుడన్నాను ఆ మాట.

"పెద్దమ్మా, నీ మంచికే సెప్తన్నాను. ఈ పాతవి ఒక్కోసారి ఎనక్కి తంతాయి. స్ప్రింగు విరిగి మొకం మీదికొస్తాది. కన్ను పోతాది."

"నిజంగానే?"

"ఒట్టు. ఒకడికి పోయింది."

అలాంటి వాడెవడూ లేడు. ఆమె పిస్తోలుని పాముని దించినట్టు నెమ్మదిగా కింద పెట్టింది. నేను ధర మాట ఎత్తకుండా లేచాను. పట్టు మీద ఉన్న బేరాన్ని వారం రోజులు మగ్గబెడితే తియ్యబడుతుందని మా నాన్న సిద్ధాంతం.

వారం మగ్గాక, జేబులో ఆరు రూపాయలు విడిగా పెట్టుకుని వెళ్ళాను. ఆమె కత్తిపీట ముందు కూచుని వంకాయలు తరుగుతోంది. కత్తి కొత్తగా సానపట్టి మెరుస్తోంది.

"అదా? కమ్మరోడికిచ్చీసినాను నాయినా. బదులుకి కత్తిపీట సాన పట్టినాడు."

"ఇచ్చీసావా! నాకమ్ముతానన్నావు గదా!"

"అన్నాను. నువ్వు కన్ను పోతాదని సెప్పినాక ఎలాగమ్ముతాను? డబ్బులు తీసుకుని పాడు సరుకు నీ సేతిలో ఎడితే, రేపు నీకేటైనా అయితే ఆ పాపం ఎవులిది? పిల్లలు గల్లోడివి కావాల్సినోడివి." వంకాయ ముక్కలు నీళ్ళలో వేసి మళ్ళీ అంది. "గెద్ద రెండు కోడిపిల్లల్ని ఎత్తుకుపోనాది. పోతే పోనాయిలే. నీ కన్ను కన్నా ఎక్కువేటి?"

చెప్పులు చేత్తో పట్టుకుని వీధి చివర కమ్మరి కొలిమికి పరిగెత్తాను.

అక్కడ రెండో తప్పు జరిగింది. పరిగెత్తి కొలిమి దగ్గరికి వచ్చినవాడు ఆవులిస్తే ఎవడు నమ్ముతాడు? కమ్మరి నా రొప్పు వైపు, చేతిలో చెప్పుల వైపు చూశాడు. పక్కనున్న తుప్పు కుప్పలోంచి పిస్తోలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నలభై," అన్నాడు.

"నలభయ్యా! తుప్పు ముక్కకి?"

"తుప్పు ముక్కే బాబూ. అందుకే కరిగించేద్దామనుకున్నాను." పట్టుకారుతో పట్టి నిప్పుల వైపు జరిపాడు. తిత్తి ఒక్కసారి ఊదాడు.

"ఆగవయ్యా! పాతిక."

ఇంకోసారి ఊదాడు. చెక్కపిడికి సెగ తగిలిన వాసన నాకు వచ్చింది. ముప్పై అన్నాను. అతను తిత్తి మీద నుంచి చెయ్యి తియ్యకుండానే నవ్వాడు. ముప్పై ఒకటికి తెగింది. ఆ పై రూపాయి బొగ్గుల ఖర్చట.

డబ్బు లెక్కపెట్టి ఇచ్చాక పిస్తోలు మూతి నేలకి ఆనించి తోశాను. గొట్టం వదులుగా, వెన్నలోకి వేలు దిగినట్టు లోపలికి జారిపోయింది.

"స్ప్రింగేది?"

"అదా బాబూ, మంచి ఉక్కు. ఊరికే ఒగ్గీడానికి మనసొప్పలేదు. సాగదీసి దబ్బనాలు సేసినాను." గోడకి గుచ్చిన ఆరు దబ్బనాలు, గోనెలు కుట్టేవి, చూపించాడు. "ఒక్కోటి పావలా. నీక్కాబట్టి."

వాటిని మాత్రం బేరమాడకుండా కొన్నాను. విజయనగరంలో లేతు పనివాడిచేత కొత్త స్ప్రింగు చేయించాను. అది బిగుస్తుంది, మీట నొక్కితే నిట్టూర్పు లాంటి చప్పుడు వస్తుంది. బావ విని, "వల్లకాడులో ఇది ఒకటే ఊపిరి తీస్తన్నాదిరా," అన్నాడు.

ఇక లెక్క. పిస్తోలు, స్ప్రింగు లేకుండా, ముప్పై ఒకటి. అదే స్ప్రింగు దబ్బనాల రూపంలో రూపాయిన్నర. లేతు పని తొమ్మిది. మొదటి ప్రయాణం నిజంగానే చింతపండు కోసం కనక అది కొట్టు ఖర్చు. మిగతా రెండింటికీ బస్సులు ఎనిమిది. సాకుకి కొన్న బస్తా మీద నష్టం ఆరు. ఇంతవరకు యాభై అయిదున్నర. దబ్బనాలు ఆరూ మంచివని, కొట్టులో చాలాకాలం పనిచేశాయని ఒప్పుకోవాలి. కోడిపిల్లలు రెండు, అప్పటి ధరకి ముప్పావలా చొప్పున, రూపాయిన్నర. మొత్తం యాభై ఏడు. ఆ చివరి రూపాయిన్నర ఇవ్వలేదు. ఇస్తే ఎందుకిస్తున్నానో పెద్దమ్మకి చెప్పాల్సి వచ్చేది.