ఆమెన్ కోసం ఆగిన కారు

మొన్న శనివారం డెట్రాయిట్ పక్కన నోవైలో కారుకి గ్యాస్, అదే మన పెట్రోలు, పోసుకుంటుంటే పక్క పంపు దగ్గరికి ఒక పాత కారు వచ్చి ఆగింది. వచ్చి ఆగింది అనడం ఏదో మర్యాదకి గానీ, అది వచ్చేటప్పటికి నా చేతిలో కాఫీకి అలలు లేచాయి, కొట్టు అద్దాలు గజగజలాడాయి, మిషిగన్ సరస్సులన్నీ తలా ఒక అంగుళం గట్టు దాటి ఉంటాయని నా అంచనా. మా అమ్మాయి కిటికీ దించి, "మమ్మీ, ఆ కార్ బ్రేక్ అయిందా?" అని నిజంగానే జాలిపడింది. అది చెడిపోలేదే, దాని ఆరోగ్యమే అంత అని చెప్తే నమ్మలేదు. పిల్ల తప్పేం లేదు, పుట్టినప్పటి నుంచీ అది ఎక్కిన కార్లన్నీ పిల్లి నడకవి. నా వయసు వాళ్ళకి, అంటే కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికేవాళ్ళకి, ఆ చప్పుడు వివరించక్కర్లేదు.

ఆ జాతి కార్లని ఇక్కడివాళ్ళు మజిల్ కార్లంటారు. ఎనిమిది సిలిండర్ల ఇంజను, దాన్ని దాచుకోడానికి రన్‌వే అంత బానెట్, మనుషుల మాట చివర్లో గుర్తొచ్చినట్టు వెనక ఇరుకు సీటూ. పేర్లు కూడా అడవి జంతువులవో, గాలివానలవో, చేపలవో పెట్టేవాళ్ళు. మా ఇంటికొచ్చినదానిది చేప పేరు. దాన్ని ఇంటికి తెచ్చింది మా బావో మామయ్యో అనుకునేరు, మా అమ్మ. ఆదివారం ఆరాధనకి తెల్ల నేత చీర కట్టుకుని, పాటల్లో తన గొంతు పక్కావిడకి కూడా వినపడకుండా పాడుకునే మా అమ్మ, నరసాపురం దగ్గర మిషన్ ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకుని డెట్రాయిట్ దాకా వచ్చిన మా అమ్మ.

ఎనభయ్యో దశకం మొదట్లో మాట, నేను హైస్కూల్లో ఉన్నాను. అమ్మ వార్డులో పని చేసే ఒక అమెరికన్ నర్సమ్మ రిటైరై ఫ్లోరిడా వెళ్ళిపోతూ, వెళ్ళే ముందు ఒకరోజు అమ్మని తన కారులో ఇంటి దగ్గర దింపింది. ఆ పావుగంటలో ఏం జరిగిందో మాకెవరికీ తెలీదు. దిగిన మనిషి మాత్రం లోపలికి రాలేదు, కారు మలుపు తిరిగి కనుమరుగై, చప్పుడు కూడా పోయేదాకా వాకిట్లోనే నిలబడింది. తర్వాత అడిగితే, ఆ సీట్లో కూర్చుంటే మా తాతయ్య పని చేసిన రైసుమిల్లు ఇంజను వీపు తడుతున్నట్టుందని ఒకే ఒక్క ముక్క చెప్పింది. ఆ ముక్క తప్ప నా జీవితంలో అమ్మ నోట ఉపమానం నేను వినలేదు. నెల తిరక్కుండా ఆ కారు మా ఇంటి ముందు డ్రైవ్‌వేలో ఉంది. గ్యాస్ ధరలు మండి ఆ కార్ల మొహం చూసేవాళ్ళే లేని రోజులవి, నర్సమ్మ దాదాపు సంతోషంగానే వదిలించుకుంది.

నాన్న సంతోషించలేదు. ఆయన కార్ల విడిభాగాలు గీసే ఇంజనీరు, చిన్న కార్లు ఎంత గొప్పవో చెప్పడం ఆయనకి వృత్తే కాదు, భక్తి కూడా. ఆయన కారు అగ్గిపెట్టెకి చక్రాలు తగిలించినట్టుండేది, దాని పక్కన ఇది వచ్చి నిలబడితే భోజనం ముందు పెట్టుకున్న ఉప్పుగిన్నెలాగా అయిపోయింది పాపం. వెనక చక్రాలతో తోసుకునే బండి, మంచులో బొంగరంలా తిరిగి హైవే మీద గిరికీలు కొడుతుందని ఆయన బొమ్మ గీసి మరీ చూపించారు. అమ్మ బొమ్మంతా శ్రద్ధగా చూసి, మర్నాడు నాన్న కారులోనే ఇండియన్ కొట్టుకెళ్ళి బియ్యం బస్తాలు తెచ్చి డిక్కీలో వేసింది. వెనక బరువుంటే తిరగదు కదండీ అంది. మా చర్చి సంఘం క్రిస్మస్ భోజనానికి కావలసిన బియ్యం ఆ ఏడు మా డిక్కీలోనే కాపురం చేసింది.

అసలు చిక్కు వేరే. మా తెలుగు సంఘంలో కొత్తదైనా పాతదైనా, ఇంటికొచ్చిన కారుకి సంఘం పెద్దాయన బానెట్ మీద చెయ్యి వేసి ప్రార్థన చేసేదాకా అది కారు కింద లెక్కకి రాదు, ఇనప సామానే. పెద్దలు ఆయన్ని అయ్యగారనేవాళ్ళు, పిల్లలం పెద్దంకుల్ అనేవాళ్ళం. ఆయనొచ్చారు, కారు చుట్టూ ప్రదక్షిణం లాంటిది చేశారు, స్టార్ట్ చేయమన్నారు. అమ్మ తాళం తిప్పగానే ఆయన కళ్ళజోడు ముక్కు మీద నాట్యం చేసింది, బానెట్ మీద పెట్టిన చెయ్యి మోచేతి దాకా వణికింది, మూడిళ్ళ అవతల కుక్క మతిపోయి మొరిగింది. ఆయన మెల్లగా చెయ్యి తీసేశారు.

"అమ్మాయ్, ఇది కుర్రాళ్ళు పందాలకి తోలే బండి. దీని మీద చెయ్యేసి ఏమని అడగను? నెమ్మదిగా వెళ్ళనియ్యి ప్రభువా అంటే ఆయనే నవ్వుతాడు."

దీన్ని ఇచ్చేసి, నాలుగు తలుపులది, చప్పుడు చెయ్యనిది తెచ్చుకుంటే కబురు చేసిన గంటలో వస్తానన్నారు. అమ్మ ఆయనకి కాఫీ ఇచ్చి పంపింది.

అయితే అమ్మ కూడా ఆ సంఘం మనిషే కదా, ప్రార్థన పడని బండిని రోడ్డెక్కించే ధైర్యం ఆవిడకీ లేదు. పోనీ నువ్వు చెయ్యి నాన్నా అని నేనంటే, నా అభిప్రాయానికి వ్యతిరేకంగా నేనే ఎలా ప్రార్థిస్తానే అన్నారాయన, అందులో న్యాయం లేకపోలేదు. దాంతో అమ్మ రోజూ పొద్దున్నే కోటు తొడుక్కుని వెళ్ళి, కారు స్టార్ట్ చేసి, స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి ఆ చప్పుడు వింటూ కాసేపు కూర్చునేది. తర్వాత ఇంజను ఆపి, దిగి, నాన్న అగ్గిపెట్టెలో ముడుచుకుని డ్యూటీకెళ్ళేది. ఆవిడ డ్యూటీ దిగే వేళకి నాన్న ఇంకా ఆఫీసులోనే ఉండేవారు గనక ఆసుపత్రి ముందు హాల్లో గంటల తరబడి ఎదురుచూపు. ఆ కుర్చీకి అమ్మ ఆకారం అచ్చుపడిపోయి ఉండాలి.

ఇంతలో వార్డు బాధ్యతంతా అమ్మకే ఇస్తామని ఆసుపత్రి వాళ్ళన్నారు. జనవరి నుంచి చీకటితోనే రావాలి, పిలిస్తే ఆదివారమైనా రావాలి, నాన్న తీరిక చూసుకుంటే కుదిరే పని కాదు. అమ్మ క్రిస్మస్ వెళ్ళాక చెప్తానంది. నాన్నా పెద్దంకులూ ఇద్దరూ, ఆ బండి వదిలేస్తే ఒక్క వారంలో అన్నీ చక్కబడతాయి కదా అన్నారు. వాళ్ళన్న మాట నిజమే. అందుకే అమ్మకి మరీ కష్టంగా ఉండేదనుకుంటాను. ఆ డిసెంబరులో స్టీరింగ్ ముందు ఆవిడ కూర్చునే సమయం పెరుగుతూ వచ్చింది.

మన ఊళ్ళలోలాగే మా సంఘానికీ క్రిస్మస్ ముందు ఇల్లిల్లూ తిరిగి పాటలు పాడే ఆనవాయితీ ఉంది. ఊళ్ళో అయితే కాలినడకన వీధి చివరి దాకా వెళ్తే చాలు, ఇక్కడ ఇంటికీ ఇంటికీ మధ్య రెండు ఊళ్ళూ ఒక హైవేనూ. ఆ ఏడు మా ఇంట్లోనే మొదలు. టీలు తాగి, సాయంత్రం అయిదింటికే కమ్ముకున్న చీకట్లో, ధ్రువప్రాంతం తన సొంత సరుకంతా మా వీధిలో పారబోసినట్టున్న మంచులో, కార్లన్నీ ఒకటొకటే బయల్దేరాయి. నాన్న అగ్గిపెట్టెలో హార్మోనియం, క్రిస్మస్ తాత, తాత పొట్టకి కట్టిన దిండూ ఎక్కాక ఇంక గాలికే చోటు లేదు. చివరికి పెద్దంకుల్ వ్యాన్ లాంటి పొడుగు కారు మిగిలింది, అది దగ్గింది, మూలిగింది, కన్నుమూసింది. మిగతా వాళ్ళు అప్పటికే వెళ్ళిపోయారు. సెల్‌ఫోన్లు అప్పటికింకా ఎవరి కలలోకీ రాలేదు.

డ్రైవ్‌వేలో పెద్దంకుల్, వాళ్ళావిడ ఆంటీ, అమ్మ, నేను, ఒక డోలక్కు మిగిలాం. అమ్మ కోటు జేబులోంచి తాళం తీసింది. పెద్దంకుల్ ఆకాశం వైపు చూశారు, అక్కణ్ణుంచి మంచు తప్ప ఏమీ రాలేదు. ఆంటీ మాత్రం దేనికోసమూ ఆగలేదు. ముందు సీటు మడిచి, పట్టుచీర కుచ్చెళ్ళు చంకలో ఇరికించుకుని, ఆ రెండు తలుపుల కారు వెనక సీట్లోకి పక్కగా, ఓడ రేవులోకి వచ్చినంత నిదానంగా వెళ్ళి కూర్చుంది. "నాకు చలేస్తోందండీ" అంది లోపల్నుంచి. ఆవిడ పక్కన నేనూ, నా ఒళ్ళో డోలక్కూ. గత్యంతరం లేక పెద్దంకుల్ ముందు సీట్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నారు.

ఆయనకి ఒక అలవాటుంది. బస్సైనా రైలైనా చివరికి ఆసుపత్రి లిఫ్టైనా, కదిలే ముందు ప్రార్థన చెయ్యకుండా ఉండలేరు. మంకీ క్యాప్ తీసి, చెయ్యి డాష్‌బోర్డు మీద పెట్టి, కళ్ళు మూసుకుని మొదలుపెట్టేశారు. కార్ల విషయంలో ఆయనకి ఉన్నది ఒక్కటే ప్రార్థన, ప్రయాణానికైనా ప్రతిష్ఠకైనా అదే. ఈ వాహనాన్ని దీవించు తండ్రీ, దీని చక్రాలని, దీన్ని నడిపే నీ బిడ్డ చేతుల్ని, అనే దాకా ధారగా వెళ్ళి హఠాత్తుగా ఆగారు. తను దేని మీద చెయ్యి వేశారో అప్పుడు తెలిసిందాయనకి.

నేను ఒక కన్ను తెరిచాను. అమ్మ కళ్ళు మూసుకునే ఉంది, తాళం దూర్చి ఉంది గానీ తిప్పలేదు, వేళ్ళు దాని మీద బిగుసుకుని ఉన్నాయి. ఆయన అప్పుడు మాట మార్చి, ఈ సాయంత్రానికి మాత్రం కాపాడు అని ముగించెయ్యొచ్చు. ఆయన అలా ముగిస్తే అమ్మ వార్డు వదులుకుని జనవరి నుంచి కూడా ఆసుపత్రి హాల్లో ఆ కుర్చీలోనే కూర్చుంటుందని ఆ కారులో అందరికీ తెలుసు. ఆంటీ ఊపిరి ఆపినట్టనిపించింది, ఆ సైజు మనిషి ఊపిరి ఆపితే తెలుస్తుంది.

"ఈ ఒక్క పూటకే కాదు ప్రభువా," అన్నారు పెద్దంకుల్ చివరికి, గొంతు సవరించుకుని, "ఇకమీదట కూడా."

అమ్మ ఆమెన్ అంది. అంత గట్టిగా ఆవిడ ఏ మాటా అనగా నేను వినలేదు. అప్పుడు తాళం తిప్పింది.

మిగతాదంతా మా సంఘంలో అందరికీ తెలిసిన చరిత్రే. బియ్యం బస్తాల పుణ్యమా అని కారు మంచుని ఇస్త్రీ చేసినట్టు సాగిపోయింది. మొదటి ఇంటి దాకా రెండు చేతుల్తో సీటు పట్టుకున్న పెద్దంకుల్, రెండో ఇంటి దాకా ఒక చేత్తో పట్టుకున్నారు, మూడో ఇంటికెళ్ళే తిన్నటి ఖాళీ రోడ్డు మీద అమ్మ వైపు తిరక్కుండా, "కొంచెం నొక్కమ్మా" అన్నారు. పైగా మేం రెండు వీధుల అవతల ఉండగానే ఇళ్ళవాళ్ళకి చప్పుడు వినిపించేసేది, మేం దిగేసరికి పొయ్యి మీద టీ, బల్ల మీద కేకూ సిద్ధం. మంచులో గంటకొట్టి నిలబడి వణికే బాధ తప్పింది గనక ఆ మర్నాటి నుంచి అందరూ ఆ కారే ముందుండాలన్నారు. జనవరిలో అమ్మ వార్డు తీసుకుంది. పెద్దంకుల్ ఆదివారాలు కూడిక అయ్యాక, ఇంజను ఆరోగ్యం కనుక్కోడానికని చెప్పి, ఒకసారి స్టార్ట్ చేయించుకుని బానెట్ మీద చెయ్యి వేసి నిలబడేవారు, పెదాలు మాత్రం కదిలేవి కాదు. చాలా ఏళ్ళకి మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు ఆ చేపని అడుగునుంచి తినేసింది. నాన్నే దగ్గరుండి సాగనంపారు, ఇంటికొచ్చి అన్నం తినలేదు.

ఇప్పుడు మా సంఘానికి సొంత భవనం ఉంది, పార్కింగ్ చోటు పేట అంత ఉంది. కార్లు ఫోన్లో బుక్ చేస్తే ఇంటి ముందుకే వస్తున్నాయి. బానెట్ మీద చెయ్యి వెయ్యమని ఎవరూ ఎవర్నీ పిలవరు, అంత తీరిక పాస్టర్ గారికీ లేదు, ఇది తప్పని నేననను. మా ఇంటి ముందు ప్రస్తుతం మూడు కార్లున్నాయి, మూడూ మంచివే, చలికాలంలో సీట్లు కూడా వెచ్చబడతాయి. వాటిలో ఏది ఏ రోజు వచ్చిందో, వచ్చిన రోజున ఎవరు ఎక్కి ఎటు వెళ్ళారో అడిగితే మాత్రం ఇంట్లో ఒక్కరమూ చెప్పలేం.