వాగు అవతల ఉన్నవాళ్ళ హాజరు

బ్లీచింగ్ పౌడర్ వాసన ముక్కుకు తగిలితే చాలు, నాకు కాళ్ళ నొప్పులు మొదలవుతాయి. గోదావరి వెనక్కి తగ్గిందని ఈ పొద్దున భద్రాచలంలో మా వీధి బురద మీద ఆ పౌడర్ చల్లుకుంటూ పోయారు. గుమ్మంలో నిలబడి టీ తాగుతున్నదాన్ని, గ్లాసు పక్కన పెట్టేశాను. అందరికీ ఆ వాసనతో వరద గుర్తుకొస్తుందేమో గాని, నాకు జుబేదా మేడం గుర్తుకొస్తారు. ఉబ్బిన పాదాలను స్టూలు మీద పెట్టుకుని "అలిసిపోయిన నేను, బిడ్డా, ఇగ నాతోని కాదు" అనేవారు. ఆ మాట అంటూనే లేచి వెళ్ళి ఇంకొకరికి సూది వేసేవారు.

భద్రాచలం దాటి అడవిలోకి పోతే వచ్చే ఒక చిన్న ఆరోగ్య కేంద్రంలో ఆమె పెద్ద నర్సు. నేను అదే కేంద్రంలో మలేరియా రక్త పరీక్షలు చేసేదాన్ని. ఇప్పటికీ చేస్తున్నాను, ఇప్పటికీ కాంట్రాక్టు కంపెనీ కిందే. ఆమె నోటికి డాక్టరు కూడా జంకేవాడు. నేను చేరిన కొత్తలో ఒకరోజు వరండా నిండా జ్వరాల వాళ్ళు. ఒక రక్తపు మరక మైక్రోస్కోపు కింద సరిగా తేలడం లేదు. డాక్టరు తొందరపెడుతున్నాడు. మలేరియా లేదని రాసేద్దామా అని మేడంను అడిగాను. ఆమె చేతిలో పని ఆపి నా వైపు చూశారు.

"నిజంగనే లేదా, నీకు కనపడలేదా?"

"కనపడలేదు మేడం."

"మరి గదే రాయి. ఆ పిల్లతల్లిని మళ్ళ కూసోబెట్టి మళ్ళ రక్తం తీయి. డాక్టరు తిడితే నన్ను తిట్టమను."

ఆ మాట అప్పుడు నాకు చిరాకు తెప్పించింది. బస్సు పోతుందన్న ధ్యాసే నాది.

బస్సు అన్నాను కదా, అది వాగుకు ఇవతలే ఆగిపోతుంది. అక్కడ దిగి, వాగు దాటి, ఇంకాస్త నడిస్తే మా కేంద్రం. ఎండాకాలంలో రాళ్ళ మీద కాలు పెట్టుకుంటూ పోవచ్చు. పైన అడవిలో వాన పడిందంటే మాత్రం చూస్తుండగానే నీళ్ళు నడుము దాకా వస్తాయి. భద్రాచలంలో భర్త దర్జీ దుకాణాన్ని, సొంత ఇంటిని వదిలిపెట్టి మేడం వానాకాలమంతా వాగు అవతల, కేంద్రం పక్కనే ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవారు. మేమేమో ఇవతలి గట్టు నుంచి ఫోన్ చేసేవాళ్ళం. "మేడం, వాగొచ్చింది." "సరే, ఇంటికి పో బిడ్డా" అని ఆమె మా పేరు పక్కన హాజరు వేసేసేవారు. ఆమెకు ముందు ఉన్నవాళ్ళూ అంతే చేశారట. కంపెనీ మాకు వచ్చిన రోజులకే లెక్క కట్టి జీతమిస్తుంది. వాగు వస్తే అది మా తప్పా? ఇందులో దాచుకోవలసినది ఉందని మాలో ఎవరికీ తోచలేదు.

మేడం రిటైరయ్యే ఏడు గోదావరి మా వీధిలోకి వచ్చింది. మా ఆయన రాములు ఆటో ఇంజను దాకా మునిగింది. నేను వాగు దాకా కాదు గదా, వీధి చివరికి కూడా పోలేని పరిస్థితి. నీళ్ళు కాస్త తగ్గగానే బడిలో పెట్టిన వరద శిబిరంలో నన్ను రక్త పరీక్షలకు వేశారు. శిబిరం వాళ్ళు నా హాజరు రాసుకున్నారు. అవతల ఫోన్లు పనిచేయక, నేను ఎప్పటిలాగే వాగు దగ్గర ఆగిపోయి ఉంటానని మేడం కూడా వేశారు. రెండూ పోయి కంపెనీకి లెక్కలు పంపే ఆరోగ్య శాఖ ఆఫీసులో చేరాయి. ఆ నెల జీతం పడ్డ మెసేజ్ చూసి నేను పొరబడ్డాననుకున్నాను. అవే రోజులకు రెండు చోట్లా కట్టి, దాదాపు ఒకటిన్నర జీతం వేశారు.

రాములు మొహం వెలిగిపోయింది. "దేవుడే ఇచ్చిండే సుగుణా. ఇంజను బాగవుతది."

"మనవి కావయ్యా అవి."

"నువ్వేమన్న దొంగతనం చేసినవా? ఆళ్ళే ఏసిన్రు. అడిగినప్పుడు ఇద్దాం తియ్యి."

నాకూ ఆశ పుట్టింది, ఎందుకు దాస్తాను? శిబిరంలో బురదలో నిలబడి నిలబడి నా కాళ్ళు పాచిపోయాయి. అడగకుండా వచ్చిన సుఖం జన్మలో అదొక్కటే. అయినా మనసు ఒక దగ్గర నిలవలేదు. వాగు తగ్గాక పనికి వెళ్ళాను. అన్నం తినే వేళ మేడంతో చెప్పాను. ఆమె చేతిలో ముద్ద గిన్నెలో పెట్టేశారు.

"ఒకటి నేనేసిన హాజరే కదా బిడ్డా" అన్నారు. "నువ్వు చెప్తే నా మీదికొస్తది. దసరా దాటంగనే నా రిటైర్మెంటు."

"అందుకే చెప్పను మేడం. మీకు ఇబ్బంది."

నేనేదో గొప్ప త్యాగం చేసినట్టు అన్నాను. ఆమెకు భగ్గున కోపం వచ్చింది.

"నన్ను అడ్డం పెట్టుకోకు! ఆటోకు కావాలె, ఉంచుకుంట అను, నేనేమన. నా కోసమని మాత్రం అనకు."

నాకు ఏడుపు వచ్చింది. ఆమె చెయ్యి కడుక్కుని వచ్చి, నా టిఫిన్ గిన్నె మూత పెట్టి, "రేపు బస్సుల ఇద్దరం ఆఫీసుకు పోదాం. నువ్వు నీది చెప్పు, నేను నాది చెప్త. జల్దీ అయిపోతది" అన్నారు. బస్సులో ఆమె మోకాళ్ళు రుద్దుకుంటూ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు.

ఆఫీసులో గుమాస్తా విసుక్కున్నాడు. "మీరు చెప్పకుంటే ఎవ్వలు చూస్తరమ్మా? ఇప్పుడు నాకు పని పెట్టిన్రు." పెద్దాయన మాత్రం అంతా విన్నాడు. అంటే ఏళ్ళ తరబడి వాగు దాటకపోయినా హాజరు వేస్తున్నారా అని అడిగాడు. అవునన్నారు మేడం.

"మరి వాగు మీద వంతెన కావాలని మీ కేంద్రం ఉన్న ఊరోళ్ళు అర్జీ పెట్టిన్రు కదమ్మా. అప్పుడు మీ హాజరు తెప్పించి చూసినం. వానాకాలంల ఒక్కనాడు కూడ ఎవ్వరు ఆగినట్టు లేదు. వాగుతోని ఇబ్బంది లేదని పక్కన పెట్టిన్రు."

మేడం కుర్చీ చెయ్యి పట్టుకున్నారు. ఎంత తిట్టినా చలించని మనిషి మొహం ఆ ఒక్క మాటకు పాలిపోయింది. మెట్లు దిగుతూ "మీకు బువ్వ పెడుతున్ననుకున్న బిడ్డా. వాగును కాయితం మీద ఎండబెట్టిన" అన్నారు.

నిజం చెప్పినందుకు మాకెవరూ దండ వేయలేదు. ఎక్కువ పడ్డ డబ్బు తరువాతి జీతంలో కోసుకున్నారు. రాములు ఆ ఏడంతా కిరాయి ఆటో నడిపాడు, కోపంతో నాతో సరిగా మాట్లాడలేదు కూడా. మేడంకు మెమో ఇచ్చారు, పెన్షన్ నెలల తరబడి ఆపారు. "నీ నిజం నా మోకాళ్ళ మందుల మీదికొచ్చిందే" అని నవ్వేవారు. అదంతా ఒక ఎత్తు. వాగు దాటని రోజు జీతం లేదని కంపెనీ చెప్పాక, మా కేంద్రం ఊడ్చే వెంకటమ్మ జీతం పోతుందని వచ్చే నీళ్ళలో దిగింది. రాళ్ళ మీద పడి కాలు విరిగింది. గొర్రెల కాపరి పట్టుకోకపోతే మనిషే దక్కేది కాదు. ఆమె మంచం పక్కన కూర్చున్నప్పుడు, ఆ డబ్బు నోరు మూసుకుని ఉంచుకుంటే బాగుండేదని నేను నిజంగా అనుకున్నాను. ఇప్పటికీ కొన్ని రోజులు అనుకుంటాను.

రిటైరయ్యే నాడు శాలువా, చాయ్ అయ్యాక మేడం నన్ను పక్కకు పిలిచారు. హాజరు రాసే పని ఇకనుంచి నాది. "వాగొచ్చిననాడు వచ్చిన్రని రాయకు, రాలేదని కూడ రాయకు. ఉన్నది రాయి. తర్వాత కూసోకు, పోయి కొట్లాడు" అన్నారు. నాకు కోపం వచ్చింది. ఆమె పోతూ పోతూ ఈ కొట్లాటంతా నా నెత్తిన పెట్టి పోతున్నారనిపించింది. పోయిన చలికాలం ఖమ్మంలో కూతురి ఇంట్లో ఆమె కన్నుమూశారు. నేను వెళ్ళి పాదాలు చూసుకున్నాను. వాపు తగ్గి ఉన్నాయి.

చల్లారిన టీ పారబోస్తుంటే ఫోన్ మోగింది. వెంకటమ్మ కూతురు లక్ష్మి. ఇప్పుడు తల్లి పని ఆమే చేస్తోంది.

"అక్కా, వాగొచ్చింది. నడుము మీదికే ఉన్నయ్ నీళ్ళు. దాటిపోతనక్కా, లేకుంటే హాజరు పోతది."

కొట్లాడగా కొట్లాడగా వంతెనకు రెండు స్తంభాలు లేచి ఆగిపోయాయి. ఆఫీసు వాళ్ళు నా ఫోన్ ఎత్తడానికే జంకుతారు. కేంద్రం వైపు నుంచి లెక్కేసి 'వాగు అవతల ఉంది' అని రాస్తే, ఇది ఏ గడిలో వేయాలమ్మా, వచ్చినట్టా రానట్టా అని ప్రతిసారీ గొడవ. కొన్నిసార్లు జీతమిస్తారు, కొన్నిసార్లు కోస్తారు. ఈ రోజూ మళ్ళీ మొదలు. అబ్బా, నాతో కాదు ఇక, అనుకుంటూనే చెప్పులు వేసుకున్నాను.

"గట్టు మీదనే ఉన్నవని రాస్త. ఆఫీసుకు నేను పోతున్న, కొట్లాడుత" అన్నాను. "నువ్వు మాత్రం నీళ్ళల్ల దిగకు బిడ్డా. ఇంటికి పో."