హోయ్ పొల్లోయ్‌కి హాలు లేదు

మొన్న అమలాపురంలో ఓ పెళ్ళి రిసెప్షనుకు వెళ్ళాను. చెవులు చిల్లులు పడేలా మైకు కీచుమంది. వెంటనే యాంకరమ్మాయి ముందు వరుస సోఫాల్లోని పెద్దలకు చెయ్యి చూపిస్తూ, “వెల్‌కమ్ టు ది హోయ్ పొల్లోయ్ ఆఫ్ కోనసీమ!” అంది. సోఫాలు మురిసిపోయాయి. ఆ మాట గ్రీకుది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని అరువు తెచ్చుకుని మామూలు జనాన్ని అనడానికి, అదీ కాస్త మూతి తిప్పుకుంటూ, వాడతారు. ఈమధ్య కొందరు తలకిందులు చేసి గొప్పవాళ్ళను అంటున్నారు. నాకు నవ్వు రావలసింది, కానీ జ్ఞానరత్నం మాస్టారు గుర్తొచ్చారు.

నేను రాజోలులో ప్రైవేటు బడిలో టీచరుగా కొత్తగా చేరిన రోజుల్లో, సాయంత్రాలు ఆయన ఇంగ్లీషు క్లాసులో సాయం చేసేదాన్ని. కువైట్‌కో దుబాయ్‌కో ఇంటిపనికీ డ్రైవరు పనికీ వెళ్ళేవాళ్ళ కోసం ఫీజు లేని క్లాసు అది. మాస్టారు పాస్టరు చదువులో గ్రీకు నేర్చుకుని, చివరికి కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. వాళ్ళమ్మ నాట్లకు వెళ్ళి ఆయన్ని చదివించింది. ఆ సంగతి ఆయన ఎక్కడా దాచేవారు కారు. క్లాసు ఊళ్ళోని ఇంగ్లీషు క్లబ్బు హాల్లో జరిగేది. క్లబ్బంటే రిటైరైన ప్లీడర్లూ డాక్టర్లూ ఆదివారాలు చేరి ఇంగ్లీషులో వాదించుకునే చోటు.

ఓ రోజు హాలు తలుపు మీద సెక్రటరీగారి నోటీసు వెలిసింది. ఇకమీదట హాలు సభ్యులకేననీ, ‘ది హోయ్ పొల్లోయ్’కి కాదనీ ఇంగ్లీషులో రాశారు. అంటే నెలాఖరుకి మా క్లాసు ఖాళీ చెయ్యాలి. ఆ ఆదివారం క్లబ్బు అట్టుడికిపోయింది, మా గురించి కాదు. గ్రీకులో ‘హోయ్’ అంటేనే ‘ది’ కదా, దాని ముందు మళ్ళీ ‘ది’ ఏమిటని ఓ ప్లీడరుగారు లేచారు. ఇంగ్లీషులోకి వచ్చాక అది ఇంగ్లీషు మాటేనని సెక్రటరీగారు కూర్చోబెట్టారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు.

చివరికి ఇద్దరూ తీర్పు కోసం మాస్టారి దగ్గరికే వచ్చారు. “సాయంత్రం క్లాసుకి రండి, అక్కడ చెప్తానండి,” అన్నారాయన. వాళ్ళిద్దరూ వచ్చి, మా వాళ్ళ పక్కనే చాపల మీద కూర్చున్నారు. మాస్టారు ఆ నోటీసును కువైట్ వెళ్ళబోయే లక్ష్మి చేత చదివించారు.

ఆమె కూడబలుక్కుని చదివి, “ఈ హోయ్ పొల్లోయ్ అంటే ఎవరండీ?” అంది.

“మనవేనమ్మా.”

“ఆయ్! మనకి గ్రీకులో కూడా పేరుందాండీ?”

అందరూ నవ్వారు. సెక్రటరీగారు మాత్రం ఇబ్బందిగా కదిలి, “మిమ్మల్ని ఉద్దేశించి కాదమ్మా,” అన్నారు.

“మరెవర్నండీ?” లక్ష్మి నిజంగానే అడిగింది. ఆయన మాస్టారి వైపు తిరిగి, ‘ది’ సంగతి తేల్చమన్నారు.

మాస్టారు సుద్దముక్క పక్కన పెట్టి, “‘ది’ ఉన్నా పర్లేదండి, లేకపోయినా పర్లేదండి. మాకు హాలుంటే చాలండి,” అన్నారు.

మర్నాడు కొత్త నోటీసు అంటించారు. ‘ది’ తీసేశారు. మిగతాదంతా అలాగే ఉంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. “పోట్లాడరేంటండీ?” అన్నాను. “లక్ష్మికి వీసా వచ్చేసిందమ్మా. పోట్లాటలో రోజులు పోతే దానికి ఇంగ్లీషెప్పుడొస్తాది?” అంటూ ఆయన చాపలు చుట్టించారు. క్లాసు చర్చి వరండాకి మారింది. ఆయన నొచ్చుకోలేదని నేననుకోను. అప్పటిదాకా మా మొదటి పాఠం ‘మే ఐ కమిన్?’. వరండాలో మొదటి రోజు దాన్ని చెరిపేసి, ‘వేర్ డు ఐ సిట్?’ అని రాశారు.

మాస్టారు పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు అమలాపురంలో నేనూ అలాంటి క్లాసే నడుపుతున్నాను. కొత్తగా వచ్చినవాళ్ళు చెప్పులు విడిచి గుమ్మం దగ్గరే ఆగిపోయి, తమకొచ్చిన ఆ ఒక్క ఇంగ్లీషు ముక్కతో లోపలికి రావచ్చా అని అడుగుతారు. నేను సరేననీ అనను, వద్దనీ అనను.

“ముందు లోపలికొచ్చెయ్యమ్మా,” అంటాను. “వచ్చేక అడుగు, ఎక్కడ కూర్చోవాలో.”