పైపులో నీరు లేదని రాశాను

దెయ్యాలంటే నాకు ఎప్పుడూ భయం లేదు. వాటిని నమ్మేవాళ్లంటే మాత్రం చిరాకు ఉండేది. సందెవేళ జుట్టు విరబోసుకోవద్దని మా మేనత్త అంటే, కావాలనే విరబోసుకుని వీధి చివరిదాకా వెళ్లొచ్చేదాన్ని. కొలవడానికి రానిది ఏదీ లేదనుకునే రకం. అందుకే ఇది రాయడానికి నాలుగేళ్లు పట్టింది.

మాది కొత్తవలస. నాన్నకి పైపులు, మోటార్ల షాపు ఉంది. నేను పీహెచ్‌డీ చేసింది కూడా పైపుల మీదే. గాజు నారను రెసిన్ అనే జిగురుతో కలిపి చేసే పైపులుంటాయి. పనివాళ్లు వాటిని ఫైబర్ పైపులంటారు. అలాంటి పైపు తయారైన రోజు నుంచి పనికిరాకుండా పోయే రోజు దాకా మొత్తం ఖర్చెంత, నేలకీ నీటికీ అది చేసే చెరుపెంత, ఇదీ నా పరిశోధన.

“పైపు కొనడానికి పది నిమిషాలు సాలు. దాని మీద సదవడానికి ఎనిమిదేళ్లేటే?” అని నాన్న షాపుకొచ్చినవాళ్ల ముందే అడిగేవాడు. నేనూ నవ్వేసేదాన్ని. లోపల కుమిలిపోయేదాన్ని.

ఎనిమిదేళ్లన్నది నిజమే. అప్పటికే థీసిస్ ఒకసారి వెనక్కి వచ్చింది. పైపు తయారీ గురించి, వాడకం గురించి రాసింది బాగానే ఉందట. దాని చివరి దశ గురించి రాసింది మాత్రం అంతా ఊహేనట. వాడకం ఆగిపోయి, ఏళ్ల తరబడి మట్టిలో ఉన్న పైపు ముక్కను తెచ్చి పరీక్షించాలన్నారు. గడువు నెల రోజులే మిగిలింది. దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. మా గైడు ఫోన్లో “ఇంక నా చేతుల్లో ఏమీ లేదమ్మా” అన్నారు. ఆ రోజు విజయనగరం నుంచి వచ్చే బస్సులో కిటికీ వైపు తిరిగి, చున్నీ నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

వెతగ్గా వెతగ్గా పాతపట్నం దగ్గర ఒక ఊళ్లో అలాంటి పైపు ఉందని తెలిసింది. ఊరి పేరు చెప్పను. నేను చెప్పబోయే ఆవిడ ఇంకా అక్కడే ఉంది.

ఒకప్పుడు ఏట్లోని ఊటబావి నుంచి ఆ ఊరికి మంచినీళ్లు వచ్చేవి. వరదకి బావి పూడిపోయింది, పథకం మూలపడింది. తరవాత రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఏటి వైపు పైపునంతా పెకిలించి పారేశారు. ఊరి కింద రెండు ఫర్లాంగుల ముక్క మిగిలింది. దాని ఒక కొస రోడ్డు కల్వర్టు పక్కన తెరుచుకుని ఉంది. టార్చి వేసి, చెయ్యి భుజం దాకా పెట్టి చూశాను. ఎండిన మట్టి తప్ప ఏమీ లేదు. రెండో కొస ఊళ్లోని వీధి కుళాయి. ఊరు ఎత్తు, కల్వర్టు పల్లం. వాననీరు చేరినా నిలవదు. ఇవన్నీ ఆ రోజే నోట్సులో రాసుకున్నాను.

కల్వర్టు దగ్గరి ముక్క ఎండకీ గాలికీ పాడైంది, పరీక్షకి పనికిరాదు. ఊరి మధ్యలో మట్టిలో ఉన్నదే కావాలి. పంచాయతీ వాళ్లు “వాడని పైపే కదా, తవ్వుకోండి” అన్నారు. కానీ ఎక్కడని తవ్వను? భూమిలో పైపును పసిగట్టే మిషన్ ఇనుమునే పట్టుకుంటుంది. ఫైబరు దానికి కనబడదు. అది తెలిసి కూడా, ఎక్కడో ఒక ఇనప వాల్వు తగలకపోతుందా అని ఆశపడి మిషన్ తెచ్చాను. రెండు రోజుల్లో ఒక సైకిల్ రిమ్ము, ఒక నాగలి కర్రు దొరికాయి.

ఆ లైను వేసిన ఫిట్టరు అప్పలనాయుడు గారిని బతిమాలి పిలిపించాను. రిటైరై చాలా ఏళ్లయింది. ఆయన గుర్తు పెట్టుకున్న తాడిచెట్లు లేవు, ఇళ్లు మారిపోయాయి. కాసేపు అటూ ఇటూ తిరిగి, “నా వల్ల కాదు తల్లీ. సన్యాసమ్మని అడుగు” అన్నారు.

సన్యాసమ్మ ఆ ఎండిన కుళాయి దగ్గరే కూర్చుని ఉంది. డెబ్బై ఏళ్లుంటాయి. ఎదురుగా ఇత్తడి బిందె. ఊరికి ట్యాంకరు రెండు మూడు రోజులకోసారి వస్తుంది, అందరూ దానికోసం పరిగెడతారు. ఈవిడ మాత్రం రోజూ ఈ కుళాయి కిందే బిందె పెడుతుందట. మొగుడు రాములు ఆ ఊరి వాటర్‌మేన్. నీళ్లు వదిలే ముందు వాల్వు మీద స్పానరుతో మూడు దెబ్బలు కొట్టేవాడట. ఆ చప్పుడు పైపులోంచి కుళాయి దాకా వస్తే ఆడవాళ్లు బిందెలు తెచ్చుకునేవాళ్లు. పథకం ఆగకముందే జ్వరంతో పోయాడు. ఇదంతా అప్పలనాయుడు గారు దారిలో చెప్పారు.

నేను ఆవిడను మెల్లగా అడిగాను, ఆగిపోయిన కుళాయి కదా అని.

“ఆపేసినామని ఎవులు సెప్పినారు? నాకైతే ఎవులూ సెప్పలేదు” అంది. పైపు ఎటుందో చూపించమంటే లేచి, చెప్పుల్లేని కాళ్లతో కుళాయికి నలభై అడుగుల దూరం నడిచి నిలబడింది. “ఇక్కడున్నాది గొట్టం. కాలెట్టి సూడు, సల్లగున్నాది.”

మే నెల, మిట్టమధ్యాహ్నం. చెప్పులు విప్పి కాలు పెట్టాను. చల్లగానే ఉంది. రెండడుగులు పక్కకి వేస్తే అరికాలు చుర్రుమంది. బ్యాగులో థర్మామీటరు ఉంది. పెట్టి చూస్తే నాలుగు డిగ్రీల తేడా. మట్టిలో తేమ ఉందేమో అనుకున్నాను. తవ్విస్తే పొడిమట్టే వచ్చింది. మూడడుగుల లోతున పైపు తగిలింది.

గోతిలోకి నేనూ అప్పలనాయుడు గారూ దిగాం. కూలీలిద్దరూ పైన నీడలో ఉన్నారు. పగుళ్లున్నాయేమో చూద్దామని పైపు మీద చెయ్యి వేసి, చెవి ఆనించాను.

మూడు దెబ్బలు వినిపించాయి. ఇనుము మీద ఇనుము కొట్టినట్టు, ఒకదాని తరవాత ఒకటి, తీరిగ్గా. అప్పలనాయుడు గారు పైపు మీంచి చెయ్యి లాగేసుకున్నారు. ఆయన మొహం చూశాక, విన్నది నేనొక్కదాన్నే కాదని అర్థమైంది. ఆ లైను మీద వాల్వు అనేది మిగల్లేదు. రోడ్డు పనిలోనే పోయిందని అంతకుముందు ఆయనే చెప్పారు.

“దానికి సెప్పకమ్మా” అన్నారాయన, గొంతు తగ్గించి.

చెప్పక్కర్లేకపోయింది. తలెత్తితే సన్యాసమ్మ బిందె చంకనెట్టుకుని గోతి అంచున నిలబడి ఉంది. ఆవిణ్ణి ఎవరూ పిలవలేదు.

ఆపేద్దామని ఆయన అన్నారు. నాకూ గోతిలోంచి పైకెక్కేయాలనిపించింది. కానీ ఆ నెల దాటితే నా ఎనిమిదేళ్లూ మట్టి. బుద్ధి పనిచెయ్యలేదని అబద్ధం చెప్పను, బాగానే పనిచేసింది. “కొయ్యండి బాబాయ్” అన్నాను.

రంపం పైపు గోడ దాటగానే నీళ్లు చిమ్మాయి. మొహం మీద పడ్డాయి, చల్లగా. బురద వాసన లేదు, ఊరి కుళాయి నీళ్ల వాసన. సన్యాసమ్మ బిందె అందించింది. ఆయన దాన్ని ధార కింద పట్టారు. బిందె నిండింది. నిండగానే ధార ఆగిపోయింది, ఎవరో కట్టేసినట్టు.

నా దగ్గర క్లోరిన్ చూసే కిట్ ఉంది. బిందెలోంచి చిన్న గాజు గొట్టంలోకి నీళ్లు తీసి చుక్కలు వేస్తే పసుపు తిరిగాయి. అంటే ఆ నీళ్లలో మందు కలిపి ఎన్నాళ్లో కాలేదన్నమాట. క్లోరిన్ ఏళ్ల తరబడి నీళ్లలో ఉండదు. ఫోటో తీశాను. ఇప్పటికీ ఉంది. చూపిస్తే ఏ నీళ్లయినా అలాగే ఉంటాయంటారు, నిజమే.

రెండో కోత కూడా కోయించి ముక్క బయటికి తీశాను. లోపల చెదపుట్ట మట్టి. వేలితో రాస్తే పొడిపొడిగా రాలింది. తడి లేదు.

సన్యాసమ్మ బిందె ఎత్తుకుని నా వైపు చూసి నవ్వింది. “సూసినావు కదా తల్లీ. నీళ్లున్నాయని రాయి. పెద్ద సదువు సదివినదానివి, నువ్వు రాస్తే నమ్ముతారు. ఊరోళ్లు నన్ను ఎర్రిదాన్నంతన్నారు.”

రాస్తానన్నాను.

వారం తరవాత యూనివర్సిటీ లైబ్రరీలో కూర్చుని ఆ అధ్యాయం రాశాను. నీళ్లున్నాయంటే అది వాడకంలో ఉన్న పైపవుతుంది, నా నమూనా చెల్లదు. అదీ కాక ఎవరు నమ్ముతారు? నేనూ ఎర్రిదాన్నే అవుతాను. “నమూనా తీసే సమయానికి పైపులో నీరు లేదు” అని రాశాను. డాక్టరేట్ వచ్చింది. నాన్న షాపులో అందరికీ లడ్డూలు పంచాడు. నేను ముట్టుకోలేదు.

మరుసటి ఏడు మే నెలలో ఆ ఊరు వెళ్లాను. చీర కూడా తీసుకెళ్లాను, తప్పు చేసినవాళ్లు వట్టి చేతుల్తో వెళ్లలేరు కదా. కుళాయి దగ్గర బిందె లేదు. సన్యాసమ్మ మిగతా ఆడవాళ్లతో కలిసి ట్యాంకరు కోసం రోడ్డు పక్కన నిలబడి ఉంది. చీర తీసుకుంది, తల నిమిరింది. కోపం లేదు, అదే నాకు కష్టమైంది.

“ఇప్పుడు కుళాయి దగ్గరికి వెళ్లడం లేదేం?” అని అడిగాను.

“కోసేసినావు కదా తల్లీ, ఇంకెలగొస్తాది?” అంది.

తిరిగి వెళ్లేటప్పుడు ఆ చోటికి వెళ్లి చెప్పులు విప్పాను. థర్మామీటరు తీయలేదు, అక్కర్లేకపోయింది. అరికాళ్లు కాలాయి.

ఆ మూడు దెబ్బలు ఎవరు కొట్టారో, బిందెడు నీళ్లు ఎక్కడివో నాకు తెలియదు. నాలుగేళ్లుగా లెక్కలు వేస్తూనే ఉన్నాను, తేలలేదు. తెలిసింది ఒక్కటే. ఆవిడ రాయమన్నది నేను రాయలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ఆ పైపులో నీళ్లున్నాయి.