కళ్లజోడు తియ్యని పిన్ని

మా థింసా నాట్య బృందంలో కళ్లజోడు పెట్టుకుని ఆడేది పిన్ని ఒక్కతే. ఆట మొదలయ్యే ముందు పైటచెంగుతో అద్దాలు తుడుచుకుని, ఎదుట కూర్చున్నవాళ్ల ముఖాలు ఒక్కొక్కటే చూసేది.

ఒక సాయంత్రం అరకు రిసార్టులో ఆడవాళ్లు నడుముల వెనక చేతులు పట్టుకుని వరసగా నిలబడ్డారు. నేను డప్పు ఎత్తాను. చూడ్డానికొచ్చిన టూరిస్టుల్లోంచి ఫోన్ పట్టుకున్న ఒకావిడ ముందుకొచ్చి ఆపింది.

"ఆ కళ్లజోడు తీసేయమనండి. ట్రైబల్ లుక్ పోతోంది."

మేనేజరు పిన్ని వైపు ఉరిమి చూశాడు. "తీసెయ్. లేదంటే రేపట్నుంచి వేరేవాళ్లను పిలుస్తాను."

"తీసేత్తే ఎదురుగున్న మనిసి నాకగపడదు బాబూ," అంది పిన్ని. వరసలో ఎవరూ కదల్లేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఈ పట్నమోళ్లంతా ఇంతే," అన్నాను పైకే.

పిన్ని చటుక్కున నావైపు తిరిగింది. "అందర్నీ ఎందుకురా కలిపేత్తావు? అన్నది ఈయమ్మ ఒక్కర్తే." మేనేజరు మీద కూడా చూపించని కోపం అది. మళ్లీ ఆవిడకేసి తిరిగి, "నీ పేరేటమ్మా?" అని అడిగింది.

ఆవిడ ఫోన్ దించింది. మెల్లగా పేరు చెప్పింది. పిన్ని కూడా తన పేరు చెప్పింది. మేనేజరు ఇంకా అలాగే చూస్తున్నాడు. పిన్ని పక్కామె నడుము చుట్టూ చెయ్యి బిగించింది.

"ఇప్పుడు వాయించరా."